ఖలాసీ రుమాలు

"సారీ దాదా" అన్నాడు వెనకనుంచి తగిలినవాడు.

పొద్దున్న హౌరా లోకల్ వచ్చే వేళ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎవరికి తగిలినా అనే మాట అదే. శామ్ కూడా "ఠీక్ హై" అనేసి నడిచాడు. కాస్త దూరం పోయాక నడుం పక్కన చొక్కా వెచ్చగా తడిసినట్టనిపించి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చూసుకోగానే అర్థమైపోయింది. సూదిలాంటి కత్తి, అలవాటైన చెయ్యి. కేక వేస్తే జనం మూగుతారు, పొడిచినవాడు ఆ జనంలోనే నిలబడి తమాషా చూస్తాడు. శామ్ కేక వెయ్యలేదు. బెంచీ మీద కూర్చుని, ఫోన్ తీసి, కోల్‌కతాలో ఉన్న తన డిపార్ట్‌మెంట్ నంబరుకి మెసేజ్ టైప్ చెయ్యడం మొదలుపెట్టాడు.

లోకల్ వెళ్లిపోయి ప్లాట్‌ఫారం పలచబడ్డాక చాయ్ అమ్మేవాడు వచ్చి భుజం తట్టాడు. శామ్ పక్కకి ఒరిగిపోయాడు.

*

ఆ మధ్యాహ్నం కోల్‌కతాలో, మూతపడిన జనపనార కంపెనీ మేడమీది గదిలో, చీఫ్ మోహనకృష్ణ ఒక చేతిరుమాలు బల్లమీద పరిచాడు.

"ఇదేంటో చెప్పు నీలవేణీ."

నీలవేణి దాన్ని చూడలేదు. ఆమె కళ్లు బల్ల చివర ప్లాస్టిక్ కవర్లో ఉన్న శామ్ ఫోన్ మీద ఉన్నాయి. ట్రైనింగ్‌లో ఆమెకి జోడీగా వేసింది శామ్‌నే. లాఠీ తిప్పడం రాక ఇద్దరూ ఒకరి చేతులొకరు వాచగొట్టుకున్న రోజులవి.

"రుమాలు సార్" అంది చివరికి.

"నావికుడి పాఠ్యపుస్తకం. తెల్లవాళ్లు ఓడలేసుకుని దేశాలన్నీ తిరిగిన రోజుల్లో ఇలా గుడ్డమీద అచ్చువేసి నావికులకి ఇచ్చేవాళ్లు. కాగితమైతే తడిసిపోతుంది. గుడ్డయితే మెడకి కట్టుకుంటాడు. ఏ జెండా ఎగరేస్తే ఏ కబురో, ఏ తాడుకి ఏ ముడో, మునిగినవాడికి ఊపిరి ఎలా ఆడించాలో అన్నీ బొమ్మలే. ఇది మాత్రం నిన్నటి సరుకు. నకలు."

"ఎవరు అమ్ముతున్నారు?"

"కంపాస్."

నీలవేణి తలెత్తింది. కంపాస్ విదేశీ గూఢచారి ముఠా. దాని మనుషులెవరో తెలుసుకోడానికి డిపార్ట్‌మెంట్ అప్పటికే చాలామందిని పోగొట్టుకుంది.

"పాత వస్తువుల వెబ్‌సైట్‌లో రుమాలు అమ్మకానికి పెడతారు" అన్నాడు మోహనకృష్ణ. "పై అంచున జెండాల వరస ప్రతిసారీ మారుతుంది. చూసేవాళ్లకి ముచ్చటైన పాతగుడ్డ. వాళ్ల మనుషులకి ఆర్డరు. ఇంతకుముందు రెండు రుమాళ్లు వచ్చాయి. రెండుసార్లూ ఎక్కడో ఏదో కాలిపోయింది, మనుషులతో సహా. ఇది మూడోది. నీలం తెలుపు గళ్ల జెండా, ఎర్ర జెండా, పసుపు నలుపు జెండా."

"నేవీ కోడ్‌తో పోల్చారా?"

"పోల్చాం. అర్థంపర్థం లేదు. వాళ్ల తాళంచెవి వేరే. అది శామ్‌కి దొరికింది." మోహనకృష్ణ ఫోన్ తెర ఆమె వైపు తిప్పాడు.

*అసలు రుమాలు నిమ్‌పురాలో కృపమ్మ ఇంట్లో. ఏంజలిన్‌ని నమ్మ*

"నమ్మ... తర్వాత?"

"తర్వాత శామ్ లేడు. నమ్మండి అనబోయాడో, నమ్మకండి అనబోయాడో."

ఫొటో ఒకటి ముందుకు తోశాడు. నల్ల కళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, చూపరులు తననే చూస్తారని తెలిసిన నిలబాటు. "ఏంజలిన్. కృపమ్మ మనవరాలు. పెద్ద హోటళ్లలో పాత వస్త్రాల ప్రదర్శనలు పెడుతుంది. కంపాస్‌కి ఈ రుమాళ్లు గీసేది ఈవిడే. కొన్నాళ్లుగా శామ్‌కి ఉప్పందిస్తున్నదీ ఈవిడే. రెండు వైపులా తినే మనిషి. ఏ వైపు నిజంగా తింటోందో శామ్‌కే తెలియాలి."

"గురి ఏమై ఉంటుంది సార్?"

"రేపు ఒక స్పెషల్ గూడ్స్ ఖరగ్‌పూర్ మీదుగా బాలాసోర్ తీరానికి వెళ్తోంది. టార్పాలిన్ కింద ఏముందో అడక్కు. నిమ్‌పురా యార్డులో ఆగుతుంది. దాని విడిభాగాలు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక గోడౌన్‌లో ఉన్నాయి. బండా, గోడౌనా? రెండు చోట్లకీ సరిపడా మనుషులు నా దగ్గర లేరు. బండి ఆపేస్తే వాళ్లు జారుకుంటారు, ఇంకో తేదీ చూసుకుంటారు. ఆ రుమాలు చదివి నువ్వు ఒకే మాట చెప్పాలి. యార్డా, పార్కా."

*

మర్నాడు ఎండ ముదురుతున్న వేళకి నీలవేణి నిమ్‌పురాలో టోటో రిక్షా దిగింది. నేత చీర, మందపాటి ఫ్రేమ్ కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచి. మ్యూజియంలో పాతబట్టలు బాగుచేసే మనిషి అవతారం. కళ్లద్దాల ముక్కుకమ్మిలో కెమెరా ఉంది.

రైల్వే క్వార్టర్ల వెనక యార్డులో షంటింగ్ ఇంజను వ్యాగన్లని తోస్తూ ఉంది. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడల్లా వరండాల్లో ఆరేసిన బట్టలు కూడా కాస్త అదురుతున్నట్టున్నాయి. తలుపు తెరిచిన ముసలావిడ కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది.

"ఏటమ్మా, ఎవులు కావాల?"

"కృపమ్మగారు మీరేనా మామ్మగారూ? కలకత్తా మ్యూజియం నుంచి ఒచ్చినాను. మాది బీమిలి." నీలవేణి నాలుక ఇంటిభాషలోకి తనంతట తనే తిరిగింది. "మీ ఇంట్లో ఓడలనాటి రుమాలుందని శామ్ సెప్పినాడు."

"ఓలమ్మ, ఆ బాబా! మొన్నొచ్చి టీ తాగి ఎల్లినాడు. మల్లీ ఒత్తానన్నాడు. ఎప్పుడొత్తాడు?"

"పనిమీద ఊరెల్లినాడండీ" అంది నీలవేణి.

కృపమ్మ రేకుపెట్టె తెరిచి, పాత దుప్పటి మడతలోంచి రుమాలు తీసి మంచం మీద పరిచింది. టీ డికాక్షన్ రంగుకి తిరిగిన నూలుగుడ్డ. నడిమధ్య తెరచాపల ఓడ. చుట్టూ వరసగా జెండాలు, ప్రతి జెండా కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాల పక్కన దారంతో కుట్టిన చిన్నచిన్న బొమ్మలు. చేప, కుండ, పొయ్యి, పక్షి, సగం మునిగిన సూర్యుడు.

"ఈ కుట్టిన బొమ్మలేటి మామ్మగారూ?"

"మా మావగారి తండ్రి ఓడమీద ఖలాసీ. ఇంగిలీసు అచ్చరం ఒక్కటి రాదు. దొరలు ఈ గుడ్డ సేతికిచ్చి సదువుకోమంటే ఏటి సదువుతాడు? తోటోడినడిగి ఒక్కో జెండాకి ఒక్కో బొమ్మ కుట్టుకున్నాడంట. పొయ్యి ఉందా, అంటే ఓడకి నిప్పంటుకుందని. సగం సూరీడంటే పొద్దుగూకీ యేల. తరవాత ఇక్కడ కార్ఖానా కడతంటే రైలు పనిలో సేరినాడు. ఇక్కడా ఖలాసీయే. సముద్రం ఒదిలేసినా ఖలాసీ పేరు నన్నొదల్లేదు అనీవోడంట."

అదీ తాళంచెవి, అనుకుంది నీలవేణి. అచ్చువేసిన జెండాలు వేలమంది దగ్గర ఉండొచ్చు. ఆ అక్షరం రాని ఖలాసీ కుట్టుకున్న అర్థాలు ఈ ఒక్క గుడ్డ మీదే ఉన్నాయి. తలాడించినట్టు తలాడించి మూలమూలా ఫొటో తీసింది. కృపమ్మ రుమాలు మడిచి దుప్పట్లో పెడుతుండగా గుమ్మంలో అత్తరు వాసన వచ్చింది.

"అదిగో, మా దొరసాని" అంది కృపమ్మ సంబరంగా. "ఏంజలూ, కబురైనా ఎట్టకుండా ఒచ్చినావేటే?"

ఆవపువ్వు రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఆ వీధిలో ఆమె ఒక్కతే వేరే సినిమాలోంచి దిగినట్టుంది. మామ్మ చెంపకి చెంప ఆనించి, కళ్లద్దాలు తీసి, నీలవేణి చీర కొంగు వేళ్లతో పట్టి చూసింది.

"బాగుంది. ఈ రంగు ఉతికితే పోతుందా మేడం?"

శామ్ తన మనుషులకి ఇచ్చిన కోడ్ వాక్యం.

"మంచినీళ్లలో పోతుంది" అంది నీలవేణి. "ఉప్పునీళ్లలో నిలుస్తుంది."

కృపమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఇద్దరూ వెనక వరండాలోకి నడిచారు. ఏంజలిన్ ముఖం మీద నవ్వు చటుక్కున ఆరిపోయింది.

"శామ్‌ని చంపింది అనిల్ కుమార్. అది వాడి సొంత పేరు కాదు. పార్క్‌లో షెడ్డు తీసుకుని రుమాళ్లు అచ్చు వేయిస్తాడు."

"ఈ కోడ్ ఎవరి ఆలోచన?"

"నాదే" అంది ఏంజలిన్. "చిన్నప్పుడు మామ్మ ఒళ్లో కూర్చుని ఒక్కో బొమ్మకీ ఒక్కో కథ చెప్పించుకున్నాను. దొంగ విగ్రహాల రవాణాకి గుర్తులు కావాలని వాళ్లడిగితే ఆ కథలు అమ్మేశాను. మనుషులు కాలిపోయారని పేపర్లో చదివినరోజు శామ్ దగ్గరికి వెళ్లాను."

"ఇప్పుడొచ్చిన ఆర్డరు ఏంటి?"

"నీలం తెలుపు గళ్ల జెండా పక్కన ఆకు. ఆకంటే వేపాకు, బెంగాలీలో నిమ్. నిమ్‌పురా. ఎర్ర జెండా పొయ్యి. పసుపు నలుపు సగం సూర్యుడు. ఈ సాయంత్రం పొద్దుగూకే వేళ నిమ్‌పురా యార్డు. స్పెషల్ పక్కన పెట్రోలు టాంకర్లున్నాయి. అంటుకుంటే ఈ క్వార్టర్లు మిగలవు. వాడు నాకు గురి చెప్పలేదు, జెండాలు మాత్రమే ఇచ్చాడు. గీస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది."

"మరి పార్క్‌కి ఏ బొమ్మ?"

"అలంటే సాగర్. విద్యాసాగర్ పార్క్. అది ఎర్ర తెలుపు జెండాకి. ఇందులో ఆ జెండా లేదు."

టీ గ్లాసుల చప్పుడు వినబడింది. నీలవేణి చెయ్యి కడుక్కునే వంకతో లోపలికి వెళ్లి, కళ్లద్దాల్లోంచి తీసిన ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసింది. నీలం తెలుపు గళ్ల జెండా. దాని పక్కన కుట్టి ఉన్నది ఆకు కాదు. అల. ఆకు ఎర్ర తెలుపు జెండా పక్కన ఉంది.

సరిగ్గా తలకిందులు.

శామ్ చచ్చిపోతూ ఆఖరి ఊపిరి ఖర్చుపెట్టి చెప్పబోయింది ఇదే అనిపించింది. కోడ్ వాక్యం కూడా శామ్‌ని బుట్టలో వేసి రాబట్టిందే అయ్యుండొచ్చు. అబద్ధం చెప్పినవాళ్లకి అది దొరికిపోయిందని తెలియనివ్వకూడదు. అది డిపార్ట్‌మెంట్‌లో మొదటి పాఠం. వరండాలోకి వచ్చి టీ అందుకుంది. బొత్తాంలాంటి ట్రాకర్‌ని ఏంజలిన్ హ్యాండ్‌బ్యాగ్ జేబులోకి జారవిడిచింది.

"నమ్మారా?" అనడిగింది ఏంజలిన్.

"నమ్మాను" అని నవ్వింది నీలవేణి. "మా వాళ్లని యార్డుకి పిలుస్తాను."

ఏంజలిన్ ఆమె కళ్లలోకి చాలాసేపు చూసింది. "శామ్ కూడా నమ్మకముందు ఇలాగే నవ్వేవాడు" అంది. టీ తాగకుండానే గ్లాసు పెట్టేసి, మామ్మకి చెప్పకుండా వెళ్లిపోయింది.

నీలవేణి టోటో ఎక్కి మోహనకృష్ణకి ఫోన్ చేసింది. "అల సార్. సాగర్. పార్క్. అనిల్ కుమార్ షెడ్డు కూడా అక్కడే."

"ఏంజలిన్?"

"నమ్మకండి సార్. శామ్ మాటకి అదే చివర."

*

కూలీల వేషంలో ఉన్న కమాండోలు పార్క్‌లో గోడౌన్ చుట్టూ సర్దుకున్నారు. నీలవేణి ఎదురుగా ఉన్న లారీ కేబిన్‌లో కూర్చుని ట్రాకర్ తెర చూస్తోంది. ఏంజలిన్ చుక్క నిమ్‌పురా యార్డు అంచుదాకా పోయి అక్కడ ఆరిపోయింది. స్పెషల్‌తో పాటు జామర్ కూడా తిరుగుతుంది కాబట్టి అక్కడ ఏ సిగ్నలూ నిలవదు. మనల్ని అటు లాగడానికి వెళ్లిందన్నమాట, అనుకుంది నీలవేణి. మళ్లీ ఆ చుక్క గురించి ఆలోచించలేదు.

ఎండ పచ్చబడింది. గోడౌన్ దగ్గరికి ఎవరూ రాలేదు. పక్క షెడ్డు ముందు కారు ఆగింది. సన్నగా, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో ఒకడు దిగి లోపలికి పోయాడు. కుడిచేతి కఫ్ మీద ఎర్రటి మరక.

నీలవేణి పిస్టల్ తీసి అతని వెనకే షెడ్డులోకి దూరింది. పొడుగాటి అచ్చుబల్లలు, వాటిపైన తీగలకి వేలాడుతున్న రుమాళ్లు. అతను ఒక డబ్బాలోంచి కిరసనాయిలు వాటిమీద చల్లుతున్నాడు.

"అనిల్ కుమార్! చేతులు పైకి!"

చేతులెత్తినట్టే ఎత్తి, పక్కనున్న చెక్క అచ్చుఫ్రేమ్‌ని విసిరాడు. అది మణికట్టుకి తగిలి పిస్టల్ ఎగిరిపోయింది. సూదికత్తి మెరిసింది. నీలవేణి వెనక్కి పడుతూ చేతికందిన రంగుబకెట్‌ని అతని ముఖంమీదికి గిరవాటేసింది. నీలిరంగు కళ్లలో పడి అతను తూలాడు. ఆ తూలుడులోనే కాలితో మోకాలు వెనక తన్ని, బోర్లా పడేసి, సంకెళ్లు వేసింది.

"ఈ రక్తం ఎవరిది?"

అతను నీలిరంగు కారుతున్న ముఖం పైకెత్తి, వెంటిలేటర్‌లోంచి పడుతున్న ఎండ చూశాడు. నవ్వాడు.

"నన్ను పట్టుకున్నారు. సూర్యుణ్ణి అరెస్టు చెయ్యగలరా మేడం?"

అప్పుడు చూసింది నీలవేణి, అతని వెనక గోడమీద ఉన్నదాన్ని. ఖలాసీ రుమాలు ఫొటో. తలుపంత ఎత్తుకి పెద్దది చేసి అంటించారు. నీలం తెలుపు గళ్ల జెండా పక్కన ఆకు ఉంది.

ఫోన్‌లో తను తీసిన ఫొటో తెరిచింది. అల. ఇంకా పెద్దది చేసింది. తక్కిన బొమ్మల దారం మాసి, గుడ్డలో కలిసిపోయి ఉంది. అలకీ ఆకుకీ మాత్రం దారం మెరుస్తోంది. కొత్తది.

పొద్దున్న తీసుకున్న కృపమ్మ నంబరుకి ఫోన్ చేసింది.

"మామ్మగారూ, నీలం గళ్ల జెండా పక్కన అల ఎవరు కుట్టినారు?"

"నానే అమ్మ. ఎలక కొట్టేసి ఆ రెండు బొమ్మలూ పోయినాయి. మొన్న సలికాలంలో కూకుని మల్లీ కుట్టినాను. ముందు అక్కడ ఆకుండీదిలే. నీలం జెండా పక్కన ఆకేటి, నీలమంటే సముద్రం కదా, పెద్దాయన తప్పుగా కుట్టుకున్నాడేమో అని మార్చినాను. ఏమమ్మ, బాగులేదా?"

"బాగుంది మామ్మగారూ" అంది నీలవేణి. "మీరిప్పుడే ఇంట్లోంచి బయటికొచ్చీండి. ఊళ్లోపలికి ఎల్లిపోండి. బేగి."

ఏంజలిన్‌కి తెలిసింది పాత గుడ్డ. కంపాస్ దగ్గరున్నదీ పాత గుడ్డ ఫొటోయే. ఏంజలిన్ నిజం చెప్పింది. నీలవేణి నమ్మలేదు కాబట్టి ఒక్కతే యార్డుకి వెళ్లింది.

*

జీపు నిమ్‌పురా చేరేసరికి పడమట ఎర్రగీత మాత్రమే మిగిలింది. మోహనకృష్ణ ఫోన్ అందుకున్న రైల్వేవాళ్లు క్వార్టర్లలో జనాన్ని బయటికి తోలుతున్నారు. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు, మంచం మీది ముసలివాళ్లని ఎత్తుకొస్తున్న మగవాళ్లు. యార్డు గేటు దగ్గర పాయింట్స్‌మన్ దేముడు ఎర్రజెండా ఊపుతున్నాడు.

"బాంబు ఏ వ్యాగన్‌కుందో తెల్దు మేడం! స్కాడు ఇంకా రాలేదు!"

"ఆవపువ్వు రంగు చీర కట్టుకున్నావిడ కనబడిందా?"

"మద్దేనం కనబడింది. టాంకర్ల వరసలోకి ఎల్లింది. మల్లీ రాలేదు."

"స్క్వాడ్ రాగానే టాంకర్ల దగ్గరికి తీసుకురా!" జీపులోని టార్చి లాక్కుని నీలవేణి పరుగెత్తింది.

ఒకవైపు టార్పాలిన్ కప్పిన స్పెషల్, ఇంకోవైపు టాంకర్లు. మధ్యలో కంకరరాళ్లు కాళ్లకింద జారుతున్నాయి. చీకటి వ్యాగన్ల కిందనుంచి ముందు లేచి, పైకి పాకుతోంది. పక్క లైన్లో ఇంజను కూత పెట్టింది. ఆ కూతలో ఎవరు అరిచినా వినపడదు. అప్పుడు ఒక టాంకరు కింద, చక్రాల నడుమ, చిన్న వెలుగు కనబడింది.

ఏంజలిన్ వెల్లకిలా పడి ఉంది. పట్టుచీర నడుం దగ్గర నల్లగా అట్టకట్టింది. కుడిచేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుంది. దాని టార్చి వెలుగు, టాంకరు పొట్టకి అయస్కాంతంతో అంటిన పెట్టె మీద పడుతోంది. పెట్టెకి చిన్న గాజుకన్ను. చెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో మోచెయ్యి ఎత్తిపట్టుకుంది.

"ఎలుతురు... తియ్యొద్దు" అంది. పెద్ద హోటళ్లలో మాట్లాడే భాష ఎటో పోయింది. "సీకటి పడితే పేల్తాది. జామర్ ఉంది కదా, రిమోట్ పనిసెయ్యదని... ఎలుతురుకి కట్టినాడు. బేగి రా. సార్జింగ్ అయిపోతంది."

నీలవేణి కంకరలో మోకాళ్లమీద పాక్కుంటూ చక్రాల మధ్యకి దూరింది. ఏంజలిన్ చేతిలో ఫోన్ ఒక్కసారి మిణుకుమంది.

ఆరిపోయింది.

అదే క్షణంలో నీలవేణి టార్చి వెలుగు గాజుకన్ను మీద పడింది. పెట్టెలో ఏదో టిక్కుమంది. ఇద్దరూ ఊపిరి బిగపట్టారు. ఇంకేమీ కాలేదు.

నీలవేణి కుడిచేత్తో టార్చి కదలకుండా పట్టుకుని, ఎడమచేత్తో ఏంజలిన్ గాయాన్ని గట్టిగా నొక్కింది. వెచ్చటి రక్తం వేళ్ల సందుల్లోంచి వస్తూనే ఉంది. ఆమెని బయటికి లాగాలంటే రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ వాడితే వెలుగుండదు. యార్డు బయట ఇంకా జనం పోతున్న చప్పుడు వినబడుతోంది. నీలవేణి కదల్లేదు. ఏంజలిన్‌కీ ఆ లెక్క అర్థమైంది.

"ఉండనీ" అంది. "మామ్మ ఎల్లిపోయిందా?"

"ఎల్లిపోయింది. నానే ఫోన్ సేసినాను."

"నన్ను నమ్మలేదు కదూ."

"లేదు" అంది నీలవేణి. అబద్ధమాడటం వృత్తి అయినా ఆ చీకట్లో నోరు రాలేదు. "మీరు చెప్పిందే నిజం. నేను పార్క్‌కి పోయాను."

ఏంజలిన్ నవ్వబోయింది. "శామ్‌కి కూడా... శానా రోజులు పట్టింది" అంది.

దేముడు బాంబ్ స్క్వాడ్‌ని వెంటేసుకుని పరుగెత్తుకొచ్చాడు. పెద్ద దీపం ఒకటి గాజుకన్ను ఎదుట నిలబెట్టారు. ఎవరో నీలవేణి చేతిలోంచి టార్చి తీసుకున్నారు. ఇద్దరు పాకుతూ వచ్చి పెట్టె విప్పారు, తీగ కత్తిరించారు. అప్పుడు నీలవేణికి రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఏంజలిన్‌ని లాగి ఒళ్లో పెట్టుకుంది. తల చల్లగా, బరువుగా ఆమె చేతిమీద వాలిపోయింది.

*

మర్నాడు సమాధుల తోటనుంచి వచ్చాక కృపమ్మ వరండాలో కూర్చుంది. ఏడుపు అయిపోయింది. పక్కన నీలవేణి.

"ఆ ఫోనెందుకు సేసినావో రాత్రంతా ఆలోసించినాను" అంది కృపమ్మ. "నాను కుట్టిందానికీ ఏంజలుకీ ఏటి సమ్మందం? నిజం సెప్పు. నా సూదే దాన్ని సంపిందేటి?"

నీలవేణి ఆ ముసలి వేళ్లవైపు చూసింది. ఎంతోమంది శత్రువుల ముందు రెప్పవాల్చకుండా అబద్ధమాడిన మనిషి. ఇంత కష్టమైనది ఎప్పుడూ ఆడలేదు.

"లేదు మామ్మగారూ. మీరు కుట్టిన అల సూసే మేము పార్క్‌కి ఎల్లినాం. అందుకే హంతకుడు దొరికినాడు. లేకపోతే తప్పించుకుపోయీవోడు. ఈ కాలనీ అంతా బతికుందంటే అది ఏంజలిన్ వల్ల."

కృపమ్మ నీలవేణి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నమ్మిందో లేదో నీలవేణికి తెలియలేదు. అడగలేదు.

సాయంత్రం హౌరా లోకల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, ఖరగ్‌పూర్ తెలుగాయనే, పేపరు మడిచి తొడమీద కొట్టుకున్నాడు.

"సూసినారా అమ్మా! నిన్న సాయంత్రం నిమ్‌పురాలో జరిగింది మాక్ డ్రిల్లంట. ఇజయవంతమంట. మంచంమీదున్న మా అత్తని రోడ్డుమీద కూకోబెట్టినారు. నిజంగా ఎవులికైనా ఏటైనా అయితే ఎవులమ్మా జవాబుదారీ?"

నీలవేణి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఎవరూ కాదండీ" అంది. "డ్రిల్లులో ఎవరికీ ఏమీ కాదు కదా."